చుక్క కారని బాత్రూము

"ఈ రోజు నుంచి ఈ ఊళ్లో ఏ బాత్రూములోనూ ఒక్క చుక్క నీరు కారదు. కారితే ఆ క్షణమే రాజీనామా చేసి ఇంటికి వెళ్లిపోతాను!" అని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించగానే సభంతా చప్పట్లతో మోగిపోయింది. ప్రతిపక్షంవాళ్లు కూడా కొట్టారు. కాకపోతే వాళ్లు రెండో వాక్యానికి కొట్టారు.

మంత్రిగారి ప్రకటనల్లో ఇది తలమానికం. అంతకుముందు ఆయన ఇంటింటికీ నీళ్లు అన్నారు. నీళ్లు రాలేదని గిట్టనివాళ్లు అంటారు గానీ, గొట్టాలు మాత్రం ఇంటింటికీ వచ్చాయి. గొట్టం వచ్చాక నీళ్లు రావడమనేది నీళ్ల ఇష్టం. ప్రజాస్వామ్యంలో ఎవరినీ బలవంతం చేయకూడదు.

ఈ చారిత్రక ప్రకటనకు కారకుడైన మనిషి మాత్రం కుర్చీ దొరక్క వెనకవరసలో నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొడుతున్నాడు. అతని అసలు పేరు పార్టీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఎవరేం చెప్పినా "సరే సార్" అంటాడు గనక అందరికీ అతను సరేసార్. జెండాలు కట్టమన్నా సరే సార్, కట్టినవి విప్పమన్నా సరే సార్. పార్టీ మారదాం రమ్మన్నప్పుడు కూడా ఏ పార్టీలోకని అడగలేదు. అంతటి నిబద్ధత ఈ రోజుల్లో అరుదు.

అసలు సంగతేమిటంటే, సరేసార్ ఇంట్లో బాత్రూము గొట్టం మలుపు దగ్గర, ఎల్బో అనే వంపు ముక్కలోంచి, నీరు కారుతోంది. మొదట చుక్కగా మొదలై తర్వాత ధార కట్టింది. అతని భార్య కింద బకెట్ పెట్టి కొన్నాళ్లు ఓర్చుకుంది, ఆ బకెట్ నీళ్లతోనే గిన్నెలు తోముకుంది. "ఏవండీ, ఎవరినైనా పిలవండి" అని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. అతను ప్రతిసారీ సరేనని పార్టీ పనిమీద పోయాడు. ఒకరోజు ఆవిడ ఆ తడిలో కాలుజారి, కుళాయి పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. ఆ సాయంత్రమే తువ్వాలు, సబ్బుపెట్టె, నాలుగు చీరలు సంచిలో సర్దుకుంది.

"నేను అక్కయ్యవాళ్లింటికి పోతున్నాను. ఆ కారడం ఆగిన రోజున వస్తాను."

"పక్క వీధే కదా, ఇంత సంచి ఎందుకూ?"

"పక్క వీధే. అక్కడ బాత్రూములో కాలు నిలుస్తుంది."

"సరే."

"ఆ ముక్క మీ ఆఫీసులో అనుకోండి. నా దగ్గర అనకండి," అని ఆవిడ గడప దాటింది.

సరేసార్‌కి పెళ్లామంటే ప్రాణం. ఆవిడ లేని ఇల్లు బావురుమంటోంది. అన్నం వండుకుంటే అడుగంటింది, టీ పెట్టుకుంటే పొంగిపోయింది. తిట్టేవాళ్లు లేకపోతే మనిషికి తన తప్పులు తనే వెతుక్కోవాల్సి వస్తుందని అప్పుడే తెలిసొచ్చింది. ఇక లాభం లేదని ప్లంబర్ని పిలిచి, ఆ పూట ఊరేగింపుకు రాలేనని చెప్పుకోవడానికి మంత్రిగారి పీఏ దగ్గరికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మంత్రిగారు లోపలినుంచి బయటికొచ్చారు.

"ఏమయ్యా, ఊరేగింపుకు ఎగ్గొడుతున్నావట?"

"బాత్రూములో ఎల్బో కారుతోంది సార్. మా ఆవిడ అలిగి వెళ్లిపోయింది."

మంత్రిగారు నడుస్తున్నవారల్లా ఆగిపోయారు. గొప్పవాళ్లు ఆగితే ఏదో ఒకటి పుట్టి తీరుతుంది. ఆయన కళ్లు మూసుకుని, కళ్లు తెరిచి, ఫొటోగ్రాఫరు లేడని గమనించి, అతన్ని పిలిపించాక మళ్లీ కళ్లు మూసుకుని తెరిచారు.

"అది నీ ఎల్బో కాదయ్యా, ఈ ఊరి ఎల్బో. దాన్ని నా చేతులతో నేనే బిగిస్తాను. మీ ఆవిణ్ణి నీ దగ్గరికి చేర్చే పూచీ నాది."

"సరే సార్," అన్నాడు సరేసార్, కళ్లనీళ్లతో. అవి కారడం ఆనాటి ప్రకటనకు ముందు కాబట్టి లెక్కలోకి రావు.

అలా పుట్టింది 'చుక్క కారని ఇల్లు' పథకం.

ఆ ప్రకటన సభ ముగిసి అతను ఇంటికి పరుగెత్తేసరికి ప్లంబరు కారే ముక్కను కోసేసి, కొత్త ఎల్బో తొడిగి, అతుకు దగ్గర పెన్సిల్‌తో గీత గీస్తున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు సరేసార్, రొప్పుతూ.

"లేదు సార్, ఇది ఉత్తుత్తి బిగింపు. ముందు గమ్ లేకుండా తొడిగి కొలత చూసుకుంటాం. తర్వాత ఊడదీసి, గమ్ పూసి, గీతకి గీత కలిపి పట్టుకుంటాం. ఇక దేవుడు దిగొచ్చినా ఊడదు."

"గమ్ పూయకు!"

"పూయకుండా నీళ్లొదిలితే ఎగిరి అవతల పడుతుంది సార్."

"మంత్రిగారొచ్చి పూస్తారు."

ప్లంబరు గమ్ డబ్బా మూత బిగించేశాడు. తను చేయాల్సిన పని మంత్రులొచ్చి చేస్తామంటే అడ్డుపడేంత అమాయకుడు కాడు. మెట్లమీద కూర్చుని బీడీ ముట్టించాడు.

ఎల్బో మంత్రిగారి హోదాకు తగింది కావాలి గనక, ఎంపికకు పీఏ, జలమండలి ఇంజనీరు, సరేసార్‌లతో సంఘం వేశారు. సంఘం వెంటనే పైపుల దుకాణం మీద పడింది. దుకాణదారు గల్లాపెట్టె పక్కన బల్లమీద రకరకాల ముక్కలు పరిచాడు. వేడినీళ్లకు మీగడరంగు, చన్నీళ్లకు తెలుపు అని వివరించాడు.

"మీగడరంగు ఇవ్వండి. ఫొటోలో నిండుగా ఉంటుంది," అన్నాడు పీఏ.

"అక్కడున్నది తెల్లగొట్టం సార్. దీని కొలత దానికి సరిపోదు, దీని గమ్ దానికి పట్టదు," అన్నాడు ఇంజనీరు.

"అధికారులు సహకరిస్తే పట్టదా?"

"ఫొటో వరకు పడుతుంది సార్."

పీఏ మెత్తబడి తెలుపుకే ఒప్పుకున్నాడు. తెలుపు స్వచ్ఛతకు గుర్తు అన్నాడు. ఆ తర్వాత ఎల్బోని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఇది వంకరగా ఉందేమిటయ్యా? మంత్రిగారి చేతిలో వంకర వస్తువా? రేపు పేపర్లో ఏం రాస్తారు? నిటారుగా ఉన్నది చూపించు."

దుకాణదారు నిటారుగా ఉన్న జోడింపు ముక్క తీశాడు. అది బిగిస్తే గొట్టం గోడలోకి పోతుంది గానీ కుళాయిలోకి రాదని ఇంజనీరు చెప్పాడు. ఇంగ్లీషు టీ అక్షరంలా మూడు నోళ్లున్న ముక్క చూపిస్తే, కూటమిలో పార్టీలు మూడే గనక పీఏ ముచ్చటపడ్డాడు. కానీ ఏ నోరు ఎవరిదన్న తగువు వస్తుందని తానే పక్కన పెట్టాడు. ఒకవైపు లావుగా మొదలై రెండోవైపు సన్నబడిపోయే ముక్కని చూసి ఉలిక్కిపడ్డాడు.

"దీన్ని తీసి దాచెయ్యి. మన పథకాల గురించి ప్రతిపక్షం అనేది అచ్చం ఇదే."

చివరికి సరేసార్ కల్పించుకోక తప్పలేదు. "సార్, మలుపు దగ్గర ఎల్బోయే కావాలట సార్. మా ఆవిడ..."

"మలుపు!" అన్నాడు పీఏ, దీపం వెలిగినట్టు. "ఇది వంకర కాదు, మలుపు. చరిత్ర మలుపు. ప్యాక్ చెయ్యండి."

మర్నాడు పత్రికల్లో 'చరిత్రను మలుపు తిప్పనున్న మంత్రి' అని వచ్చింది. పక్కనే ఎల్బో బొమ్మ, మంత్రిగారి బొమ్మ ఒకే సైజులో వేశారు.

ఏర్పాట్లు చూడటానికొచ్చిన కెమెరావాళ్లు బాత్రూములోకి తొంగిచూసి పెదవి విరిచారు. అందులో ఒక మనిషి, ఒక బకెట్ పడతాయి. మంత్రిగారు లోపలికెళితే బకెట్ బయటికి రావాలి. మంత్రిగారి వెంట పీఏ, పీఏ వెంట కూటమి నాయకులు, వాళ్లందరి వెంట కెమెరాలు ఎలా పట్టేది? ఇంజనీరు గోడమీద మెల్లగా తట్టి చూశాడు.

"ఈ గోడ భారం మోసేది కాదు. తీసేయొచ్చు."

"సరే సార్," అనేసింది సరేసార్ నోరు, అతను ఆలోచించుకునే లోపలే.

గోడ కూల్చిన దుమ్ము పక్క వీధిదాకా పోయినట్టుంది, కాసేపట్లో భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, కారేది గొట్టమైతే గోడ ఎందుకు కూల్చారు?"

"పారదర్శకత అట."

"స్నానం చేసేచోట పారదర్శకత ఏమిటండీ!"

"ముందు కారడం ఆగనీ. నీకోసమే కదా ఇదంతా."

"అన్నం తింటున్నారా?" అని అడిగి పెట్టేసింది. ఆ ఒక్క మాటకే సరేసార్‌కి కొండెక్కినంత సంబరమైంది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. పెరట్లో కుర్చీలు వేశారు. గోడ లేని బాత్రూము వేదికలా ఉంది. మంత్రిగారు తెల్లచొక్కా చేతులు మడిచి, ఎల్బోని ఎత్తి నలువైపులా చూపించి, గొట్టానికి తొడిగారు. ప్లంబరు గమ్ డబ్బా, కుంచె పట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్, ఊడదీసి ఇది పూసి..."

"సార్, ఇంకోసారి! మా కెమెరాలో పడలేదు!" అని అరిచారు వెనకనుంచి. మంత్రిగారు ఓపిగ్గా ఊడదీసి మళ్లీ తొడిగారు. తర్వాత కూటమిలో రెండో పార్టీ నాయకుడు, తానూ బిగించకపోతే కూటమి ధర్మం ఏమవుతుందని అడిగాడు. ఆయన బిగించాడు. మూడో పార్టీ నాయకుడు రెండో ఆయన కంటే ఎక్కువసేపు బిగించాడు. మహిళా విభాగం, యువజన విభాగం వరసలో నిలబడ్డాయి.

ప్లంబరు ఇంకోసారి కుంచె ఎత్తేసరికి పీఏ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీకు బుద్ధుందా? గమ్ పూస్తే ఒక్కళ్లే బిగించగలరు. మిగతావాళ్లు ఏమైపోవాలి? కూటమి నిలబడాలంటే గమ్ ఉండకూడదు."

రాజకీయశాస్త్రంలో ఇంతకన్నా పెద్ద సూత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ప్లంబరు నోరు తెరిచి వింటూ నిలబడ్డాడు. ఈలోగా కుంచె గట్టిపడిపోయింది.

"ఇక నీళ్లు వదలండి!" అన్నారు మంత్రిగారు.

అందరూ తొడిగి తీసిన ఎల్బో వదులుగా వేలాడుతోంది. నీళ్లొస్తే అది ఎగిరి మంత్రిగారి ముఖాన తగలడం, రాజీనామా, తన పార్టీ బతుకు తెల్లారడం, పెళ్లాం శాశ్వతంగా అక్కయ్య ఇంట్లోనే ఉండిపోవడం, అన్నీ వరసగా సరేసార్ కళ్లముందు కదిలాయి. అతను వెళ్లి ఇంజనీరు చెవిలో గొణిగాడు.

"సార్, గమ్ పూయలేదు సార్!"

"తెలుసు," అన్నాడు ఇంజనీరు చిరునవ్వుతో. "అందుకే వీధి చివర వాల్వు కట్టేయించాను."

మంత్రిగారు కుళాయి తిప్పారు. అందరూ ఊపిరి బిగబట్టి ఎల్బో వైపు చూశారు. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క కూడా కారలేదు. పెరడంతా జయజయధ్వానాలు. ఒక కుర్ర విలేకరి మాత్రం లేచి, "కుళాయిలోంచి కూడా రావడం లేదు కదా సార్?" అన్నాడు.

"పథకం పేరు మళ్లీ చదువుకోండి," అన్నారు మంత్రిగారు గంభీరంగా. "చుక్క కారని ఇల్లు. కుళాయి ప్రస్తావన అందులో ఎక్కడుంది?"

విలేకరి కూర్చున్నాడు. నిజం ముందు ఎవరైనా కూర్చోవాల్సిందే.

అందరూ వెళ్లిపోయాక సరేసార్ భార్యకు ఫోన్ చేశాడు. "కారడం ఆగిపోయింది. వచ్చేయ్."

"నీళ్లు వస్తున్నాయా?"

"ఆ విషయం పరిశీలనలో ఉంది."

"పరిశీలన అయ్యాక వస్తాను."

ప్రతిపక్షం దొంగచాటుగా నీళ్లు వదులుతుందేమోనని వాల్వుకు తాళం వేశారు. ఎల్బోకి కాపలాగా బాత్రూములో స్టూలు వేసి ఒక కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. కానిస్టేబుల్ మర్యాదస్తుడు. సరేసార్ పళ్లు తోముకోవడానికి వస్తే లేచి అటు తిరిగేవాడు. వీధివాళ్లు మాత్రం బిందెలు పట్టుకుని వచ్చి సరేసార్‌ని నానామాటలూ అన్నారు. అతను అవన్నీ ఓర్చుకున్నాడు. పెళ్లాం వచ్చేదాకానే కదా అనుకున్నాడు.

పథకం ఫలితాలు చూసి ప్రభుత్వమే ఆశ్చర్యపోయింది. ఇంత తక్కువ శ్రమతో ఇంత సంపూర్ణ విజయం మునుపెన్నడూ లేదు. వీధి తర్వాత వీధి చుక్క కారకుండా పోయింది. ఒక్కో తాళంతో ఒక్కో వీధి. ఇంజనీరుకు సన్మానం జరిగింది, తాళాల దుకాణం వాడికి కూడా.

ఒకరోజు పొద్దున్నే సరేసార్ తలుపు తీసేసరికి ఎదురుగా భార్య. చేతిలో అదే సంచి. అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"వచ్చేశావా! చూశావా, ఒక్క చుక్క కారడం లేదు!"

"తెలుసు," అంటూ ఆవిడ చెప్పులు విడిచింది. "నిన్నటినుంచి అక్కయ్యవాళ్లింట్లో కూడా కారడం లేదు."

ఆవిడ సంచి దించి, కొంగు బిగించి, నేరుగా బాత్రూముకి వెళ్లింది. కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు.

"తాకకూడదమ్మా. ప్రభుత్వ ఎల్బో."

"గొట్టం మాది కదా నాయనా," అని ఆవిడ ఎల్బోమీద చెయ్యి వేసింది, అంతే. లాగను కూడా లేదు. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. గొట్టంలో ఏ మూల మిగిలిపోయిందో గానీ ఒక చుక్క నీరు అంచుదాకా వచ్చి, కాసేపు తటపటాయించి, టప్పున నేలమీద పడింది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడిపోయారు.

కానిస్టేబుల్ కర్తవ్యనిష్ఠ కలవాడు. వెంటనే పైవాళ్లకు చెప్పాడు. ఇల్లంతా జీపుల మోతతో నిండింది. పీఏ పరుగున వచ్చి సరేసార్ రెండు భుజాలూ పట్టుకుని కుదిపాడు.

"ఏమయ్యా, చుక్క కారలేదు కదూ? కారలేదని చెప్పు. చెప్పవయ్యా!"

సరేసార్ నోరు అలవాటుగా 'స' దాకా వెళ్లింది. భార్య అతనివైపే చూస్తోంది. చేతిలో ఎల్బో ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ అలా చూడటం ఎప్పుడూ లేదు, లేదా అతను ఎప్పుడూ గమనించలేదు. ఆవిడ ఇంకోసారి సంచి సర్దుకుంటే తను బతకలేడని అతనికి ఖాయంగా తెలిసిపోయింది.

"కారింది సార్," అన్నాడు.

పీఏ కానిస్టేబుల్ స్టూలుమీద కూలబడ్డాడు. "అయిపోయింది. మంత్రిగారు మాట ఇచ్చారు. బాత్రూములో చుక్క కారితే..."

"ఏ బాత్రూములో?" అన్నాడు ఇంజనీరు.

అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన లేని గోడవైపు చెయ్యి చూపించాడు.

"బాత్రూము అంటే నాలుగు గోడలు ఉండాలి. ఇక్కడున్నవి మూడు. కాబట్టి నిబంధనల ప్రకారం ఇది బాత్రూము కాదు, ఆరుబయలు. ఆరుబయట నీటిచుక్క పడితే దాన్ని కారడం అనరు సార్. వాన అంటారు."

పీఏ మెల్లగా లేచి నిలబడ్డాడు. ఇంజనీరుని గట్టిగా వాటేసుకున్నాడు.

"మరి పైన కప్పు ఉంది కదండీ?" అంది సరేసార్ భార్య.

"మధ్యాహ్నానికల్లా తీసేస్తామమ్మా."

అన్న మాట తప్పలేదు. ప్రభుత్వం తలుచుకుంటే పనులు ఎంత వేగంగా జరుగుతాయో ఆ వీధివాళ్లంతా బిందెలు దించుకుని మరీ చూశారు. సాయంత్రం టీవీలో మంత్రిగారు కనబడ్డారు. తన హయాంలో ఊళ్లో వానలు మొదలయ్యాయని, తొలిచుక్క ఒక సామాన్య కార్యకర్త ఇంట్లోనే పడటం తన పూర్వజన్మ సుకృతమని గద్గదస్వరంతో చెప్పారు. ఈ అదృష్టం ఊరందరికీ అందిస్తామని హామీ ఇచ్చారు.

సరేసార్ టీవీ కట్టేసి పెరట్లోకి వచ్చాడు. భార్య బాత్రూము ఉన్నచోట పీట వేసుకుని కూర్చుంది. భుజాన తువ్వాలు, ఒళ్లో సబ్బుపెట్టె. పక్కన స్టూలుమీద కానిస్టేబుల్. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తున్నారు. మబ్బన్నది ఎక్కడా లేదు.

అతను భయంభయంగా ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇదిగో, నువ్వు మళ్లీ మీ అక్కయ్య ఇంటికి వెళ్లిపోవు కదా?"

ఆవిడ ఆకాశంమీంచి చూపు తిప్పలేదు.

"అక్కడికెళ్లి ఏం చేయను? రేపు వాళ్ల గోడ తీస్తున్నారట."